బ్రేవ్స్ 2021: అకూన్యా లేని రెండో సగం. గాయాలు, రోస్టర్, ట్రేడ్‌లు అన్నీ ఇక్కడే

కమింగ్_శ్రీనివాస్ | జూలై 12

మయామీలో జాజ్ చిజమ్ కొట్టిన బంతి కోసం రైట్ ఫీల్డ్‌లో మన అట్లాంటా బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ స్టార్ అకూన్యా ఎగిరి దిగినప్పుడు కుడి మోకాలు మడత పడింది. ఎంఆర్‌ఐలో ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) పూర్తిగా తెగిందని తేలింది. ఈ సీజన్ అతనికి అయిపోయింది. 82 ఆటల్లో 24 హోమ్ రన్లు కొట్టి ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) పోటీలో ముందున్న మనిషి.

ఆల్ స్టార్ విరామానికి మన లెక్క 44 గెలుపులు, 45 ఓటములు. ఇప్పటిదాకా జట్టుకు దూరమైనవాళ్లను ఒకసారి చూడండి. సొరోకాకు గత ఆగస్టులో తెగిన అకిలిస్ జూన్‌లో స్టేడియంలో నడుస్తుండగా మళ్లీ తెగింది. ఇనోవా మే నెలలో మిల్వాకీలో డగౌట్ బెంచీని గుద్ది చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. క్యాచర్ డార్నో మే 1న ప్లేట్ దగ్గర ట్యాగ్ వేయబోతే ఎడమ బొటనవేలి లిగమెంట్ తెగింది. ఓజూనా వేళ్లు విరిగి ఐఎల్‌కి (గాయపడ్డవాళ్ల జాబితా) వెళ్లాడు, ఆ తర్వాత అరెస్టయ్యాడు, ఇక ఈ ఏడాది లెక్కలో లేనట్టే. ఆండర్సన్ భుజం కూడా పట్టేసింది.

ఓపెనింగ్ డే నాటి ఔట్‌ఫీల్డ్ ఓజూనా, పాచే, అకూన్యా. ముగ్గురిలో ఒక్కడూ ఇప్పుడు మైదానంలో లేడు. పాచే 63 సార్లు బ్యాట్ పట్టి 7 హిట్లు కొట్టాడు, అతన్ని కింది స్థాయి జట్టుకి పంపారు. మిగిలింది హెరెడియా, ఇన్సియార్టే, ఆల్మోంటే, షార్ట్‌స్టాప్ నుంచి లెఫ్ట్ ఫీల్డ్‌కి మార్చిన ఆర్సియా. జనరల్ మేనేజర్ ఆంథొపొలస్ ఏం చేయాలి? అందరూ చెప్పండి.

విశాఖ_కిరణ్ | జూలై 12

అన్నా, ఒక సందేహం. ఐఎల్‌లో 10 రోజులది, 60 రోజులది అని రెండున్నాయి కదా. అకూన్యా ఎలాగూ రాడు కాబట్టి ఏ ఐఎల్‌లో పెట్టినా ఒకటే కదా? అందరూ 60 రోజులదే ఎందుకు అడుగుతున్నారు?

జాన్స్‌క్రీక్_రమ | జూలై 12

ఒకటి కాదు కిరణ్. రోస్టర్లు (జట్టు జాబితాలు) రెండున్నాయి. రోజూ ఆటకు అందుబాటులో ఉండే 26 మంది, వాళ్లతో కలిపి ఒప్పందం కింద ఉండే 40 మంది. 10 రోజుల ఐఎల్‌లో పెడితే 26లో చోటు ఖాళీ అవుతుంది కానీ 40లో ఆ పేరు అలాగే ఉంటుంది. 60 రోజులదానికి మారిస్తే 40లో కూడా ఖాళీ వస్తుంది. బయటినుంచి ఎవరిని తెచ్చినా 40లో కుర్చీ ఉండాలి, అందుకే ఈ తాపత్రయం.

40 నిండి ఉంటేనే 60 రోజుల ఐఎల్ వాడనిస్తారు. ఇంకో సంగతి, ఆ 60 రోజులు మొదటిసారి ఐఎల్‌లో పెట్టిన రోజు నుంచే లెక్క. మధ్యలో మార్చినా మళ్లీ సున్నా నుంచి మొదలవదు. 10 రోజులదాన్ని గరిష్ఠంగా మూడు రోజులు వెనక్కి జరిపి నమోదు చేయొచ్చు, ఆ మూడు రోజుల్లో అతను ఆడకుండా ఉంటే. జీతం, సర్వీస్ టైమ్ (మేజర్ లీగ్‌లో లెక్కకొచ్చే రోజులు) రెండూ ఐఎల్‌లో ఉన్నా నడుస్తూనే ఉంటాయి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, 60 రోజుల ఐఎల్ నుంచి తిరిగొచ్చేవాడికి మళ్లీ 40లో చోటు కావాలి. డార్నో, ఇనోవా ఇద్దరూ ఆగస్టులో వస్తారనుకుంటే ఆ రెండు కుర్చీలు ఇప్పటినుంచే మనసులో పెట్టుకుని ట్రేడ్ చేయాలి. లేకపోతే ఆ రోజు ఎవరినో డిఎఫ్‌ఏ చేయాల్సి (40 నుంచి తీసేయాల్సి) వస్తుంది. డిఎఫ్‌ఏ చేస్తే ఏడు రోజుల్లోగా ట్రేడ్ చేయడమో, వేవర్స్‌లో (కావాలంటే వేరే జట్లు తీసుకునేలా) పెట్టడమో, వదిలేయడమో తేల్చాలి. ఆ ఏడు రోజులూ అవతలి జట్లన్నిటికీ మన ఇబ్బంది తెలిసిపోతుంది, ఇక ఎవరూ మంచి ధర ఇవ్వరు.

సువానీ_ప్రసాద్ | జూలై 13

నా మాట చాలామందికి నచ్చదు. అమ్మేయాలి. అకూన్యా లేకుండా ఈ జట్టు అక్టోబర్ ప్లేఆఫ్స్ దాకా వెళ్లదు. మోర్టన్‌ది 15 మిలియన్ డాలర్ల ఒక్క ఏడాది ఒప్పందం, వయసు 37, పోటీలో ఉన్న ప్రతి జట్టుకూ అలాంటి స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) కావాలి. పిచర్లు స్మిత్, స్మైలీలను కూడా అడిగేవాళ్లుంటారు. ఇద్దరు మంచి ప్రాస్పెక్టులు (ఎదుగుతున్న కుర్రాళ్లు) వస్తే 2022కి అకూన్యా, సొరోకా తిరిగొచ్చేసరికి జట్టు బలంగా ఉంటుంది. సగం మనసుతో కొనడం అన్నిటికంటే చెడ్డది. అటు గెలవరు, ఇటు ప్రాస్పెక్టులూ పోతారు.

కమింగ్_శ్రీనివాస్ | జూలై 13

ప్రసాద్ గారూ, మీ తర్కం బలమైనదే. కానీ మూడు విషయాలు మీకు అడ్డొస్తాయి.

ఒకటి, చేసిన పరుగులు ఇచ్చిన పరుగుల కంటే ఎక్కువే ఉన్నాయి. ఒక్క పరుగు తేడాతో పోయిన ఆటలు, ఆఖరి ఇన్నింగ్స్‌లలో బుల్‌పెన్ (తర్వాత దిగే రిలీఫ్ పిచర్లు) చేజార్చుకున్న ఆటలు మనల్ని 44-45 దగ్గర నిలబెట్టాయి. జట్టు లెక్క కనిపిస్తున్నంత చెడ్డగా లేదు.

రెండు, ఇన్‌ఫీల్డ్. ఫ్రీమన్, ఆల్బీస్, స్వాన్సన్, రైలీ నలుగురూ రోజూ ఆడుతున్నారు. నలుగురిదీ పాతిక హోమ్ రన్లు దాటే వేగమే. పైగా ఫ్రీమన్ ఒప్పందం ఈ ఏడాదితో ముగుస్తుంది. అతను ఈ జెర్సీలో ఉన్న ఆఖరి ఏడాది ఇదే కావచ్చు. దాన్ని జూలైలోనే వదిలేసుకోవడం నాకు సమ్మతం కాదు.

మూడు, మన డివిజన్. మెట్స్ ముందున్నారు, అంతే. దూసుకుపోవడం లేదు. మనకీ వాళ్లకీ నాలుగు ఆటల తేడా, ఆడాల్సినవి డెబ్భైకి పైగా. శాన్ ఫ్రాన్సిస్కో, డాడ్జర్స్, సాన్ డియేగో ఉన్న డివిజన్‌లో ఇదే లెక్కతో ఉంటే నేనూ అమ్మమనేవాణ్ని.

గ్విన్నెట్_గౌతమ్ | జూలై 13

జూలై 4న పదో ఇన్నింగ్స్‌లో పిచర్ మాక్స్ ఫ్రీడ్‌ని పించ్ హిట్టర్‌గా (వేరొకరి బదులు బ్యాట్ పట్టేవాడిగా) పంపారు. అతను సింగిల్ కొట్టి గెలిపించాడు, సంతోషమే. కానీ బెంచ్ మీద కొట్టేవాడే మిగల్లేదన్నది దాని అర్థం. ఈ 2021లో నేషనల్ లీగ్‌లో డీహెచ్ (పిచర్ బదులు బ్యాట్ మాత్రమే పట్టేవాడు) లేదు, పిచర్ వంతు వచ్చిన ప్రతిసారీ బెంచ్ ఖర్చవుతుంది. మనకు కావాల్సింది ఒక స్టార్ కాదు, కనీసం ముగ్గురు సరైన బ్యాటర్లు.

జాన్స్‌క్రీక్_రమ | జూలై 16

మొదటి అడుగు పడింది. కబ్స్ నుంచి జాక్ పీడర్సన్, బదులుగా బ్రైస్ బాల్. అరిజోనా నుంచి క్యాచర్ స్టీఫెన్ వోట్.

బ్రైస్ బాల్ 2019 డ్రాఫ్ట్‌లో 24వ రౌండ్‌లో దొరికిన ఫస్ట్ బేస్‌మన్. బలంగా కొడతాడు కానీ వేరే పొజిషన్ ఆడలేడు, పైన ఫ్రీమన్ ఉన్నాడు. మనకు అక్కర్లేని చోట ఉన్న ప్రాస్పెక్టును ఇచ్చి, అవసరమున్న చోటికి మనిషిని తెచ్చుకున్నాం. పీడర్సన్ ఈ ఏడాది కబ్స్‌కు 11 హోమ్ రన్లు కొట్టాడు. ఎడమచేతి వాటం. కెరీర్ మొత్తం చూస్తే అతని బలమంతా రైట్ హ్యాండ్ పిచర్ల మీదే, లెఫ్టీల ముందు రోజూ ఆడించే మనిషి కాదు. కాబట్టి ఇది సగం పరిష్కారం. మిగతా సగానికి రైట్ హ్యాండ్ బ్యాటర్ కావాలి.

వోట్ గురించి ఎవరూ మాట్లాడరు గానీ అది చాలా అవసరమైన పని. డార్నో పోయాక క్యాచర్లను మార్చి మార్చి వాడుతున్నాం. కుర్రాడు కాంట్రెరాస్ బ్యాట్ బావుంది, బంతి అందుకోవడంలో ఇంకా నేర్చుకోవాలి, అందుకే మన ట్రిపుల్ ఏ (ఒక మెట్టు కింది) జట్టు గ్విన్నెట్‌కు పంపారు. ప్లేట్ అంచున పడ్డ పిచ్‌ను కదలకుండా పట్టి స్ట్రైక్‌గా నిలబెట్టే క్యాచర్ లేకపోతే మోర్టన్ కర్వ్‌బాల్ విలువే తగ్గిపోతుంది.

బుల్‌పెన్_భాను | జూలై 21

అందరూ ఔట్‌ఫీల్డ్ అంటున్నారు, నా బెంగ ఏడో ఇన్నింగ్స్. మింటర్‌ని గ్విన్నెట్‌కు పంపారు. మే నెలలో తెచ్చుకున్న గ్రీన్ నిలదొక్కుకోలేదు. లూక్ జాక్సన్, మాట్జెక్ బాగా వేస్తున్నారు, కానీ వాళ్లిద్దర్నే రోజు విడిచి రోజు వాడితే సెప్టెంబర్‌కి చేతులు ఆడవు. స్మిత్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్లు ఇస్తున్నాడు.

మింటర్‌ని పంపడం మాత్రం సరైన పనే. ఆప్షన్ మీద (40లో ఉంటూనే మైనర్ లీగ్‌కి) వెళ్లినవాడు ఈ 2021లో మామూలుగా 10 రోజులు కింద ఉండాల్సిందే, పైన ఎవరైనా గాయపడి ఐఎల్‌కి వెళ్తేనే ముందు పిలవొచ్చు. ఆ పది రోజుల్లో ఒత్తిడి లేకుండా కట్టర్‌ను సరిచేసుకోవచ్చు. లారెన్స్‌విల్ నుంచి ట్రూయిస్ట్ పార్క్‌కి కారులోనే రావొచ్చు, పొద్దున పిలిస్తే సాయంత్రానికి బుల్‌పెన్‌లో ఉంటాడు. ట్రిపుల్ ఏ జట్టు వేరే రాష్ట్రంలో ఉన్న జట్లకు ఈ సౌలభ్యం లేదు.

కమింగ్_శ్రీనివాస్ | జూలై 30, రాత్రి

నాలుగు గంటల గడువు దాటింది. ఒక్క రోజులో నాలుగు ట్రేడ్‌లు:

మయామీ నుంచి ఆడమ్ డువాల్, బదులుగా క్యాచర్ ఆలెక్స్ జాక్సన్.
కాన్సస్ సిటీ నుంచి హోర్హె సోలేర్, బదులుగా రిలీవర్ కేసీ కాలిచ్.
క్లీవ్‌లాండ్ నుంచి ఎడీ రొసారియో, బదులుగా పాబ్లో సాండొవల్.
పిట్స్‌బర్గ్ నుంచి రిచర్డ్ రోడ్రిగెజ్, బదులుగా బ్రైస్ విల్సన్, రికీ డెవీటో.

పీడర్సన్‌తో కలిపితే రెండు వారాల్లో కొత్త ఔట్‌ఫీల్డర్లు నలుగురు. మైకల్ హారిస్, లాంగెలియర్స్, వాటర్స్, ముల్లర్, పాచే ఒక్కరూ కదల్లేదు!

సువానీ_ప్రసాద్ | జూలై 30, రాత్రి

ధర తక్కువని ఒప్పుకుంటాను. కానీ తక్కువ ధరకు దొరికారంటే కారణం ఉంటుంది కదా. సోలేర్ బ్యాటింగ్ సగటు .192. రొసారియో పొత్తికడుపు పక్క కండరం పట్టేసి ఐఎల్‌లో ఉన్నాడు. డువాల్‌ని గత డిసెంబర్‌లో మనమే వద్దని వదిలేశాం. ఇదే రోజు డాడ్జర్స్ షెర్జర్‌ని, ట్రే టర్నర్‌ని తెచ్చుకున్నారు. మెట్స్‌కు బాయెజ్ వచ్చాడు. ఫిలడెల్ఫియాకు గిబ్సన్, కెనెడీ. మనకు మిగతావాళ్లు వద్దన్నవాళ్లు.

జాన్స్‌క్రీక్_రమ | జూలై 31

ప్రసాద్ గారూ, ఒక్కొక్కరినీ విడిగా చూద్దాం.

డువాల్: మయామీలో సగటు .229, కానీ 22 హోమ్ రన్లు. ఏప్రిల్‌లో మన మైదానంలోనే మన మీద ఒక్క ఆటలో ఏడు ఆర్బీఐలు (తన బ్యాట్‌తో తెచ్చిన పరుగులు) తీశాడు. అంతకన్నా ముఖ్యం, మూడు ఔట్‌ఫీల్డ్ స్థానాల్లోనూ నిలబడగలడు. మనం వదిలేసింది ఆర్బిట్రేషన్‌లో (జీతం తేల్చే విచారణలో) వచ్చే జీతానికి భయపడి, ఆట నచ్చక కాదు. మయామీతో ఒప్పందంలో ఈ ఏడాదికి అతని జీతం 2 మిలియన్లే, వచ్చే ఏడాదికి 7 మిలియన్ల మ్యూచువల్ ఆప్షన్ (ఇద్దరూ ఒప్పుకుంటేనే), వద్దనుకుంటే 3 మిలియన్ల బయౌట్ (పరిహారం).

సోలేర్: 2019లో 48 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు. ఇప్పటికి 13. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దారుణం, కానీ జూలై చివరి రెండు వారాల్లో బంతి బ్యాట్‌కి గట్టిగా తగులుతోంది. నడకలు (నాలుగు బయటి బంతులకు ఉచితంగా దొరికే బేస్) కూడా తీస్తాడు. బలహీనత ఫీల్డింగ్. అమెరికన్ లీగ్‌లో డీహెచ్‌గా దాచేవారు, ఇక్కడ అది కుదరదు. రైట్ ఫీల్డ్‌లో పెట్టి, ఆధిక్యంలో ఉంటే ఏడో ఇన్నింగ్స్ తర్వాత హెరెడియాని దించాలి.

రొసారియో: జీతం 8 మిలియన్లు. జూలై 30 నుంచి సీజన్ ముగింపు దాకా మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మిగిలింది, అంటే 2.8 మిలియన్ల దగ్గర. సాండొవల్‌ని క్లీవ్‌లాండ్ వచ్చిన వెంటనే వదిలేసింది. ఇది ఆటగాడి కోసం ఆటగాడు కాదు, జీతాన్ని మన భుజానికి మార్చుకోవడం. సీజన్ మొదట్లో పించ్ హిట్టర్‌గా నాలుగు హోమ్ రన్లు కొట్టిన సాండొవల్ మీద నాకు గౌరవమే, ఆ తర్వాత .178కి పడిపోయాడు.

రోస్టర్ లెక్క కూడా చక్కగా కుదిరింది చూడండి. ఆలెక్స్ జాక్సన్ వెళ్లి డువాల్, సాండొవల్ వెళ్లి రొసారియో, విల్సన్ వెళ్లి రోడ్రిగెజ్. ఈ మూడింటికీ 40లో కొత్త కుర్చీ అక్కర్లేదు. బాల్, కాలిచ్ 40లో లేనివాళ్లు కాబట్టి పీడర్సన్‌కీ సోలేర్‌కీ ఒక్కో చోటు కావాలి. అకూన్యా 60 రోజుల ఐఎల్ ఒకటి ఇస్తుంది, ఇన్సియార్టేని వదిలేయడం ఇంకొకటి ఇచ్చింది. సాండొవల్ 26లో ఉండేవాడు, రొసారియో ఐఎల్‌లో ఉన్నాడు, అందువల్ల 26లో ఒక చోటు ఉచితంగా వచ్చింది.

గ్విన్నెట్_గౌతమ్ | జూలై 31

రమ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఒక పెద్ద పేరు కోసం ఇద్దరు ప్రాస్పెక్టులను పోస్తే అతను ఒక స్థానంలోనే ఆడతాడు. మనకు కన్నాలు మూడు. ఇంటి పైకప్పు మూడు చోట్ల కారుతుంటే ఒక్క చోట పాలరాయి వేసి లాభం లేదు. హెరెడియా, ఆల్మోంటే, ఆర్సియా రోజూ తీసుకుంటున్న వంతులు మామూలు స్థాయి బ్యాటర్ల చేతికొస్తే చాలు, ఆటకు అర పరుగు మెరుగవుతుంది. పైగా ఆ ముగ్గురూ బెంచ్‌కి వెళ్తారు, బెంచ్ కూడా బాగుపడుతుంది.

బుల్‌పెన్_భాను | జూలై 31

నాకు రోడ్రిగెజ్ మీదే అనుమానం. పిట్స్‌బర్గ్‌లో 14 సేవ్‌లు (ఆధిక్యం కాపాడి ముగించిన ఆటలు), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు) 3 లోపు, 2023 దాకా జట్టు చేతిలో ఉంటాడు, కాగితం మీద బావుంది. కానీ ఇతను వేసేది దాదాపు ఫాస్ట్‌బాల్ ఒక్కటే. అది ప్లేట్ దగ్గర పైకి లేచినట్టు కనిపించడం మీదే అతని బతుకు. జూన్ 21 నుంచి అంపైర్లు జిగురు పదార్థాల కోసం పిచర్ల చేతులూ టోపీలూ తడుముతున్నారు. ఆ తర్వాత ఇతని బంతి తిరుగుడు తగ్గింది, స్ట్రైక్ ఔట్లు తగ్గాయి. రెండో పిచ్ లేనివాడికి ఒక్క పిచ్ పదును పోతే బ్యాటర్లు గాల్లోకి కొట్టడం మొదలుపెడతారు.

పైగా ఇచ్చింది విల్సన్‌ని. గత అక్టోబర్‌లో డాడ్జర్స్ మీద నాలుగో ఆటలో ఆరు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చిన కుర్రాడు. ముల్లర్, ఇనోవా, టూసాన్ ఉన్నారు కాబట్టి అతనికి ఇక్కడ దారి మూసుకుపోయిందని తెలుసు. అయినా నాలుగు ట్రేడ్‌లలో నిజంగా ధర చెల్లించింది ఈ ఒక్కదానికే.

కమింగ్_శ్రీనివాస్ | జూలై 31

భానూ, రోడ్రిగెజ్‌ని ఆరు, ఏడు ఇన్నింగ్స్‌లలో ఎవరూ బేస్ మీద లేనప్పుడు వాడితే చాలు. నడకలు దాదాపు ఇవ్వడు. మాట్జెక్‌కీ లూక్ జాక్సన్‌కీ వారానికి ఒక రోజు అదనంగా విశ్రాంతి దొరికినా ఈ ట్రేడ్ గిట్టుబాటే.

విశాఖ_కిరణ్ | ఆగస్టు 1

రొసారియో ఆగస్టు చివరిదాకా రాకపోతే ప్లేఆఫ్స్‌కి అర్హత ఉంటుందా? గడువు ఏదో ఉంది కదా.

జాన్స్‌క్రీక్_రమ | ఆగస్టు 1

ఉంటుంది. ఆగస్టు 31 అర్ధరాత్రికి సంస్థలో ఉంటే చాలు. 40లో ఉన్నా, ఐఎల్‌లో ఉన్నా అర్హుడే. ఆ తేదీ తర్వాత బయటినుంచి తెచ్చుకున్నవాడికే అడ్డు. జూలై 30 తర్వాత ట్రేడ్‌లు లేవు, ఆగస్టులో వేవర్స్ ద్వారా ట్రేడ్ చేసే పాత పద్ధతిని 2019లో తీసేశారు. అందుకే గాయపడ్డవాణ్నైనా ఇప్పుడే తెచ్చుకోవాల్సి వచ్చింది.

అతనికి ముందు మైనర్స్‌లో రిహాబ్ (కోలుకునే) ఆటలుంటాయి. బ్యాటర్లకు గరిష్ఠం 20 రోజులు, పిచర్లకు 30. పొత్తికడుపు పక్క కండరం విషయంలో తొందరపడితే స్వింగ్ తిరిగే క్షణంలో మళ్లీ పట్టేస్తుంది, రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువ రోజులు పడుతుంది. వరసగా రెండు రోజులు తొమ్మిది ఇన్నింగ్స్ ఆడి, మూడో పొద్దున నొప్పి లేకుండా లేస్తేనే పిలవాలి.

సువానీ_ప్రసాద్ | ఆగస్టు 16

వాషింగ్టన్ మీద మూడూ గెలిచి డివిజన్‌లో మొదటి స్థానానికి వచ్చాం. జూలై అంతా ఒక రోజు గెలుపు, మర్నాడు ఓటమి అన్నట్టు నడిచిన జట్టు ఇదేనా అనిపిస్తోంది. మెట్స్‌కు పిచర్ డిగ్రామ్ లేకపోవడం కలిసొచ్చిందన్నది కూడా చెప్పుకోవాలి.

మేనేజర్ స్నిట్కర్ బ్యాటింగ్ వరస బాగా కుదిర్చాడు. ఆల్బీస్, సోలేర్, ఫ్రీమన్, రైలీ, స్వాన్సన్, డువాల్, పీడర్సన్, ఆ తర్వాత క్యాచర్. ఫ్రీమన్‌కి ముందు సోలేర్‌ని పెట్టడం వల్ల అతనికి స్ట్రైక్ జోన్‌లో పిచ్‌లు వస్తున్నాయి, అతన్ని నడిపించి ఫ్రీమన్‌కి వేయాలని ఎవరికుంటుంది? గడువుకు ముందు ఏడో స్థానంలో వచ్చినవాళ్లతో పోలిస్తే ఇప్పుడు ఏడో స్థానంలో పీడర్సన్ ఉన్నాడు. తేడా అక్కడే ఉంది.

గ్విన్నెట్_గౌతమ్ | ఆగస్టు 16

డార్నో వచ్చాడు, అది మరిచిపోకండి. కొత్త ఔట్‌ఫీల్డర్లు నలుగురి తర్వాత ఈ జట్టుకి దొరికిన అయిదో కొత్త మనిషి అనుకోవచ్చు, ఒక్క ప్రాస్పెక్టూ ఖర్చవలేదు. ఇనోవా కూడా రేపోమాపో తిరిగొస్తాడు. మొదటి ఆటలో 75, 80 పిచ్‌లు దాటించకూడదు, విరిగిన చెయ్యి వేసే చెయ్యే.

బుల్‌పెన్_భాను | ఆగస్టు 24

తొమ్మిది వరసగా గెలిచి యాంకీస్‌ని కలిశాం, వాళ్లూ తొమ్మిది గెలిచే వచ్చారు. మన వరస ఆగింది. ఓడినా చూడాల్సింది ఒకటుంది. మింటర్ పైకొచ్చాక ఎడమచేతి బ్యాటర్ల మీదే కాదు, కుడిచేతి వాళ్ల మీదా పూర్తి ఇన్నింగ్స్ వేస్తున్నాడు. కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలన్న రూల్ వచ్చాక అలాంటి లెఫ్టీయే కావాలి. మాట్జెక్, మింటర్, స్మిత్ ముగ్గురూ లెఫ్టీలు, జాక్సన్ రైటీ. అక్టోబర్‌కు నా నలుగురు వీళ్లే. రోడ్రిగెజ్ స్ట్రైక్ ఔట్లు ఇంకా తక్కువగానే ఉన్నాయి, గాల్లోకి లేచే బంతులు ఎక్కువవుతున్నాయి. ఆధిక్యం ఒక్క పరుగైతే అతన్ని పంపొద్దు.

విశాఖ_కిరణ్ | ఆగస్టు 28

రొసారియో ఐఎల్ నుంచి వచ్చేశాడు. ఇప్పుడు ఔట్‌ఫీల్డ్‌లో నలుగురు, స్థానాలు మూడు. ఎవరు కూర్చుంటారు?

జాన్స్‌క్రీక్_రమ | ఆగస్టు 28

రోజును బట్టి. రైట్ హ్యాండ్ స్టార్టర్ అయితే లెఫ్ట్‌లో రొసారియో, సెంటర్‌లో పీడర్సన్ లేదా డువాల్, రైట్‌లో సోలేర్. లెఫ్టీ అయితే డువాల్, హెరెడియా, సోలేర్, బెంచ్ మీద ఇద్దరు లెఫ్ట్ హ్యాండ్ బ్యాటర్లు. ఏడో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్లు రైటీ రిలీవర్‌ను తెచ్చినప్పుడు పిచర్ వంతులో పీడర్సన్ బ్యాట్ పట్టుకుని లేస్తాడు. జూలై 4న ఆ వంతు ఫ్రీడ్‌ది.

సెంటర్ ఫీల్డే నా బెంగ. పీడర్సన్ అక్కడ రోజూ పరుగెత్తగలిగే వయసు దాటాడు, డువాల్ మూలలో ఉంటేనే గొప్ప. ఫ్రీడ్ వేసే రోజు నేల బంతులు ఎక్కువ కాబట్టి పీడర్సన్ చాలు. మోర్టన్ రోజున డువాల్‌ని సెంటర్‌లో పెట్టాలని నా అభిప్రాయం. సెప్టెంబర్ 1 నుంచి రోస్టర్ 28 అవుతుంది. అదనపు రెండిటిలో ఒకటి పిచర్‌కి పోయినా రెండోది హెరెడియా చోటుని కాపాడుతుంది, ఆఖరి ఇన్నింగ్స్‌లలో సోలేర్ బదులు అతనే దిగాలి.

కమింగ్_శ్రీనివాస్ | ఆగస్టు 29

సోమవారం నుంచి డాడ్జర్ స్టేడియంలో మూడు ఆటలు. లెఫ్టీ దిగిన రోజు రొసారియోని కూర్చోబెడతారా లేదా అన్నది గమనించండి. అతను లెఫ్టీల మీద కూడా బంతిని బ్యాట్‌కి తగిలించగలడు, పీడర్సన్‌లా పూర్తిగా పక్కన పెట్టాల్సిన పని లేదని నేననుకుంటున్నాను. ఆ మూడు ఆటల లైనప్‌లు ఇక్కడే పెడతాను.